డాక్టరు గారి తాలూకు

"ఇది అప్లికేషనా, మందుల చీటీయా?"

హాస్పిటల్ గ్రాంట్స్ ఆఫీసులో కూర్చున్న అమ్మాయి ఆ రెండు కాగితాలనీ అటు తిప్పి, ఇటు తిప్పి అడిగిన మొదటి మాట అది. ఎదురుగా నిలబడ్డ ఎమర్జెన్సీ డాక్టరుకి ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ గుక్కెడు కాఫీకి నోచుకోలేదు, పైగా ఈ వెటకారం ఒకటి.

"అందులో అన్నీ ఉన్నాయండీ. చదివితే కనిపిస్తాయి."

"చదివాను. తలా తోకా లేదు. 'యాక్సిడెంట్. రక్తస్రావం. ఆలస్యం. మరణం.' నిధులిచ్చే ఫౌండేషన్ వాళ్లు ఇది చదివితే గ్రాంటు పంపరు, పూలదండ పంపుతారు."

పాపం, వార్డులో మాట్లాడినట్టే రాశాడతను. డ్యూటీ దిగుతూ పేషెంటుని ఇంకో డాక్టరుకి అప్పజెప్పేటప్పుడు నిండు వాక్యాలు మాట్లాడే తీరిక అక్కడెవరికీ ఉండదు.

"మా దగ్గర ముందు ఎవరు పోయేలా ఉన్నారో చెప్తామండీ."

"ఇక్కడ ముందు ఎవరు బతుకుతారో చెప్పాలి. కూర్చోండి."

అంటూ ఎర్రపెన్ను తీసింది. హాస్పిటలంతా ఆమెని పిలిచేది కూడా ఆ పేరుతోనే. అతన్నేమో నర్సులు సుడిగాలి అంటారు. సుడిగాలి ఒక కుర్చీలో కుదురుగా కూర్చోవడం ఆ రోజే మొదలైంది.

అతని ఆలోచన మంచిదే. సముద్రానికి అవతల, పరాయి దేశంలో ఒక చిన్న ఆస్పత్రి ఉంది. చదువుకునే రోజుల్లో కొన్నాళ్లు అక్కడ పనిచేశాడు. రోడ్డు మీద దెబ్బతిన్నవాళ్లు ఆ ఆస్పత్రి గుమ్మం చేరేసరికి ఒంట్లో రక్తం మిగిలేది కాదు. అక్కడికి స్కానింగ్ మిషన్లు పంపి, ఎంతమందిని కాపాడొచ్చో పరిశోధన చెయ్యాలని అతని కోరిక.

"మిషన్లు కావాలని అక్కడివాళ్లు అడిగారా?" ఎర్రపెన్ను ఆగింది.

"అడ... అడగాలా?"

ఆమె ఫోను అతని వైపు జరిపింది.

అవతల ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ విషయం విని పకపకా నవ్వింది.

"బాబూ, ఇక్కడ మధ్యాహ్నమైతే కరెంటుండదు. నీ మిషను తెచ్చుకుని ఏం చెయ్యను, బట్టలారేసుకోనా? దెబ్బతగిలినవాళ్లని మా దగ్గరికి తెచ్చేది బస్సు కండక్టర్లు. రక్తం ఆపడం వాళ్లకి నేర్పిద్దాం. దానివల్ల ఎంతమంది బతికారో మనిద్దరం కలిసి తేలుద్దాం. కానీ త్వరగా చెయ్యి నాయనా. ఈసారీ డబ్బు రాకపోతే నా దగ్గరున్న ఇద్దరు నర్సులనీ తీసేస్తారు. ఇక నేర్పేవాళ్లే ఉండరు."

ఫోను పెట్టేశాక అతను తలెత్తలేకపోయాడు. ఎర్రపెన్ను ఆ రెండు కాగితాల మీదా ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గీత గీసింది.

"మళ్లీ రాద్దాం," అంది. 'రాయండి' అనలేదు.

ఆ తర్వాత డ్యూటీ అవగానే అతని కాళ్లు వాటంతటవే గ్రాంట్స్ ఆఫీసుకి వెళ్లేవి. రాయడం, తిట్లు తినడం, మళ్లీ రాయడం. కిటికీ బయట వాన పడితే ఆమె పెన్ను కాసేపు ఆగేది. అతను వాన వంక చూస్తున్నట్టు నటిస్తూ ఆమెని చూసేవాడు. ఆమె పేజీ వంక చూస్తున్నట్టు నటించేది.

ఒకరోజు ఆమె, "ఇంటికెళ్లి మీ అమ్మగారికి చెప్పి చూడండి. ఆవిడకి అర్థమైతే మన హాస్పిటల్ కమిటీకీ అర్థమవుతుంది," అంది.

అమ్మ కంచంలో కూర వేస్తూ ఓపిగ్గా అంతా వింది.

"కండక్టరు వెంటనే గట్టిగా కట్టు కడితే మనిషి ఆస్పత్రిదాకా ప్రాణంతో ఉంటాడు. అది నిజమేనని రుజువు చేస్తే అన్ని చోట్లా నేర్పిస్తారు. అంతేగా?"

"అంతేనమ్మా! ఎంత బాగా అర్థమైందే నీకు!"

"ఇంకోటి కూడా అర్థమైంది. ఇందాకట్నించీ 'ఆవిడ అంది, ఆవిడ చెప్పింది' అంటున్నావు. ఎవర్రా ఆవిడ?"

నీళ్లు తాగుతున్నవాడికి పొలమారింది. అమ్మ నెత్తి మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నార్లే," అంది ముసిముసిగా.

కమిటీ అప్లికేషన్ని ఎంచే రోజు రానే వచ్చింది. ఒక హాస్పిటల్ నుంచి ఒకే ఒక్క అప్లికేషన్ వెళ్లాలని ఫౌండేషన్ నిబంధన. పోటీలో ఉన్నది గుండె విభాగం పెద్ద డాక్టరు. ఆయన పేరు చెబితేనే సగం పని అయిపోతుంది. మన సుడిగాలికి ఉన్నదల్లా ఎర్రపెన్ను మాట. అప్లికేషన్లకి మార్కులు వేసేది ఆమే; ఆమె మంచిదన్నదాన్ని కమిటీ ఎప్పుడూ కాదనలేదు.

అధ్యక్షుడు రిటైరవబోతున్న సర్జను. కళ్లజోడు సవరించుకుని, ఏటా అడిగే ప్రశ్నే అడిగాడు.

"అప్లికేషన్ పెట్టినవాళ్ల తాలూకు ఎవరైనా ఈ గదిలో ఉంటే, లేచి బయటికి వెళ్లాలి."

ఏటా ఎవరూ లేవరు. ఈసారి ఒక కుర్చీ కిర్రుమంది. ఎర్రపెన్ను లేచి నిలబడింది.

"ఎవరి తాలూకమ్మా?"

"ఎమర్జెన్సీ డాక్టరు గారి తాలూకండీ," అని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

తన ప్రాజెక్టు వినిపించడానికి ఓ మూల కూర్చున్న అతని వైపు గదంతా తిరిగింది. "ఏమయ్యా, ఆ అమ్మాయి నీకేమవుతుంది?"

"తెలీదు సార్. కనుక్కుని వస్తాను."

"ముందు నీ ప్రాజెక్టు సంగతి చెప్పు. తర్వాత తీరిగ్గా కనుక్కో."

చెప్పాడు. కండక్టర్ల గురించి, డాక్టరమ్మ గురించి, ఆ ఇద్దరు నర్సుల గురించి, అమ్మకి చెప్పినట్టే చెప్పాడు. మాట అయిపోగానే వరండాలోకి పరుగెత్తాడు.

బయట జోరున వాన. ఆమె బల్ల మీద ఒక చివర కూర్చుని ఉంది.

"ఎంత పని చేశారండీ! మీ మాట ఒక్కటి పడితే చాలనుకున్నాను. అయినా మనకేం చుట్టరికం ఉందని లేచారు?"

"లేదనే అనుకున్నాను. నిన్న మార్కులు వేద్దామని రెండూ ముందు పెట్టుకున్నాను. గుండె డాక్టరు గారిది చదివితే తప్పులు కనిపించాయి. మీది చదివితే మీరు కనిపించారు. ఇక మార్కులేం వేస్తాను?"

అతను బల్ల ముందు అటూ ఇటూ తిరిగాడు.

"అది... ముందు నాకు చెప్పాలి కదండీ. కమిటీకి చెప్తారా?"

"చెప్పకుండా లోపల కూర్చుంటే మోసం. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే మీకేం, ఇంకో గ్రాంటు వెతుక్కుంటారు. అక్కడ పోయేది ఆ నర్సుల ఉద్యోగాలు." ఆమె మూసి ఉన్న తలుపు వంక చూసింది. "ఇప్పుడు నేను లేచొచ్చినందుకు గ్రాంటే పోతుందేమోనని భయంగా ఉంది."

అతను పక్కన కూర్చున్నాడు. "గ్రాంటు కోసమే మీ దగ్గరికి వస్తున్నాననుకున్నాను. ఎప్పుడో అయిపోయిన పేజీలు కూడా పట్టుకొచ్చి తిట్టించుకుంటున్నానంటే... మీరంటే నాకు ఇష్టమండీ. గ్రాంటు రాకపోయినా ఇష్టమే."

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. అదే క్షణంలో తలుపు తెరుచుకుంది. అధ్యక్షుడు తల బయటపెట్టి, ఎమర్జెన్సీ గుమ్మంలో నర్సు కేకేసినట్టు కేకేశాడు.

"కండక్టర్ల ప్రాజెక్టు తాలూకు ఎవరండీ?"

ఇద్దరూ ఒక్కసారే చేతులెత్తారు.

"మీదే పంపిస్తున్నాం. డాక్టరు లోపలికొచ్చి సంతకం పెట్టాలి. నువ్వు మాత్రం బయటే ఉండాలమ్మా, రూలు."

అతను లేచి, రెండడుగులు వేసి, వెనక్కి చూశాడు.

"వెళ్లి రండి," అంది ఆమె, బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ. "తాలూకు వాళ్లం కదా, ఎంతసేపైనా ఇక్కడే కూర్చుంటాం."