కళ పేరున్న కార్డు

2012 సెప్టెంబర్ 14. సాయంత్రం 5.40.

ఎల్లారెడ్డి దగ్గరి తండాలో కళ చనిపోయింది. ఇరవై రెండేళ్లు. ముక్కులోంచి, నోట్లోంచి రక్తం.

అదే రోజు ఉదయం 10.50కి కామారెడ్డిలోని ఒక నర్సింగ్ హోం ఎమర్జెన్సీలో ఆమెను చూశారు. 'డెంగీ నెగెటివ్' అని రాశారు. నొప్పుల ఇంజెక్షన్ పొడిచి 11.05కి ఇంటికి పంపేశారు.

మర్నాడు ఆ నర్సింగ్ హోం డాక్టరు రామస్వామి పోలీసులకు ఫోన్ చేశాడు. కళను చంపింది జ్వరం కాదట, అత్త తాగించిన పసరట. ఆ సంగతి ఎమర్జెన్సీలో అత్తే చెప్పిందట.

అత్త సేవ్లిని స్టేషన్‌కు తెచ్చారు.

"జ్వరం తగ్గుతదని తాగించిన సారూ. నా చేతులతోని నేనే సంపుకున్ననా?"

ఎస్సై లక్ష్మీరాజం శవాన్ని పోస్ట్‌మార్టానికి పంపించాడు. పోస్ట్‌మార్టం అయ్యాక సేవ్లిని జీపెక్కించుకుని కామారెడ్డి వెళ్లాడు.

ఎమర్జెన్సీలో మంచానికి ఇద్దరేసి జ్వరం రోగులు. నేల మీద ఎవరిదో వాంతి, దాని మీద ఈగలు. రామస్వామి దాన్ని దాటుకుంటూ వచ్చి, నవ్వుతూ ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. లక్ష్మీరాజం టీ ముట్టలేదు.

"టెస్టు చేసిన్రా?"

"చెయ్యకుండ ఎట్ల రాస్తం? కార్డు ఉన్నది, చూడుండ్రి."

ల్యాబ్ టెక్నీషియన్ ప్రమోద కార్డు తెచ్చింది, రక్తం చుక్క వేసి డెంగీ చూసే చిన్న ప్లాస్టిక్ ముక్క. దాని మీద కళ పేరు, తేదీ. ఒకటే గీత.

"ఒక్క గీతంటే నెగెటివ్," అన్నాడు డాక్టరు.

లక్ష్మీరాజం జేబులోంచి ఇంకో కార్డు తీసి పక్కన పెట్టాడు.

"పోస్ట్‌మార్టం చేసిన సర్కారు డాక్టరు కళ రక్తంతోని ఇది చేసిండు. రెండు గీతలు. చనిపోయింది డెంగీతోనే అన్నడు."

"నిన్న పొద్దుగాల రాని గీత తర్వాత రావచ్చు. మీకు తెల్వదు."

"గీతలు పక్కన పెట్టుండ్రి. రక్తం వేసే గుంట చూడుండ్రి. మా దాండ్ల ఎర్ర మరక ఉన్నది. మీ దాండ్ల?"

తెల్లగా ఉంది.

"టెస్టు మందు ఒక్కటే పోసినా ఆ గీత వస్తదట. కార్డు పనిచేస్తున్నదని చెప్పే గీత అది. రక్తం ఏది?"

ప్రమోద తల వంచుకుంది. "టెస్టు చెయ్యలే సార్. జనం ఎక్కువుండ్రి. ఆమె చనిపోయిందని తెలిసినంక డాక్టరు సార్ కార్డు తయారు చెయ్యమన్నడు."

"వేరేవాళ్ల రక్తమన్న వెయ్యకపోతివి?"

"వార్డుల ఎవరిది తీసినా రెండు గీతలొస్తయేమోనని భయమైంది. నా వేలు గుచ్చుకోబుద్ధి కాలే."

లక్ష్మీరాజం దొంగలను చూశాడు, హంతకులను చూశాడు. ఇంత అసహ్యం ఎన్నడూ వేయలేదు. ఇరవై నిమిషాల టెస్టు. ఆ పిల్లకు అదీ దక్కలేదు.

"లేవుండ్రి," అన్నాడు డాక్టరుతో.

సేవ్లి గుమ్మం దగ్గరే నిలబడి అంతా వింది.

"గయితే నా పసరు కాదా సారూ?"

"కాదవ్వా."

అప్పుడు ఏడ్చింది సేవ్లి. పోలీసులు తెచ్చినప్పటి నుంచి, కోడలి కోసం ఏడ్చే హక్కు తనకు లేదనుకుంది.