పంపని మెయిల్, పొంచి ఉన్న షూటర్

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లోపల గూఢచారి శాఖ రహస్యాలు మోసే కొరియర్ గోడకు చేరగిలబడి ఉన్నాడు. గుండెలో తూటా.

గంట తిరక్కుండానే ఏజెంట్ డేగ చీఫ్ ముందున్నాడు.

"చంపించింది అత్తరు," అన్నాడు చీఫ్.

"మన ఏజెంట్ అత్తరా?"

"మన జీతం తింటూ విదేశీ గూఢచారుల రింగ్‌కు పనిచేస్తోంది. ఆ రింగ్‌లో మనం పెట్టిన మనిషి మీ బావ. ఆయన దాక్కున్న చోటు కొరియర్ ఒక్కడికే తెలుసు. ఇప్పుడు అత్తరుకూ తెలిసిపోయింది."

డేగ ముఖం మాడిపోయింది.

"మీ ఇద్దరికీ పడదట కదా?"

"ఆయన్ని చూస్తేనే ఒళ్లు మండుతుంది సార్. కానీ మా అక్కకి ఆయనే ప్రాణం."

"అయితే విను. వాళ్లు మెయిల్స్ పంపరు. అందరికీ ఒకటే మెయిల్‌బాక్స్. ఒకరు డ్రాఫ్ట్ రాసి వదిలేస్తారు, ఇంకొకరు చదివి తుడిచేస్తారు. ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరికి తెలీదు. మీ బావను చంపాల్సిన షూటర్ మధ్యాహ్నం పన్నెండింటికి దాన్ని తెరుస్తాడు. రేవు గోడౌన్‌లో మనవాళ్లు కాపు కాస్తున్నారు. వాణ్ని అక్కడికి రప్పించు."

అత్తరు పైకి ట్రావెల్ ఏజెన్సీ నడుపుతోంది. డేగ ప్రింటర్ మెకానిక్ వేషంలో, చేతిలో టూల్ బ్యాగ్‌తో లోపలికి వెళ్లాడు. వైర్లు చూసే నెపంతో టేబుల్ కిందికి వంగి, కంప్యూటర్‌కు ఇంటర్నెట్ కేబుల్ ద్వారా వస్తోందని గమనించాడు.

పైకి లేచేసరికి అత్తరు నవ్వుతోంది. ఎర్ర చీర, ముత్యాల దండ, గదంతా పరిమళం.

"ఆ మీసం నీకు బొత్తిగా నప్పలేదు, డేగా."

డేగ బ్యాగ్‌లోంచి ప్రింటర్ టోనర్ పొడి తీసి ఆమె ముఖాన కొట్టాడు. ఆమె దగ్గుతూ పక్కనున్న గాజు క్యాబిన్‌లోకి దూరి గడియ పెట్టుకుంది. డేగ కుర్చీలో కూర్చున్నాడు. స్క్రీన్ మీద డ్రాఫ్ట్ తెరిచే ఉంది. బావ ఫొటో, చిరునామా. అతడు చిరునామా చెరిపి, రేవు గోడౌన్ అని కొట్టాడు. 'సేవ్ అయింది' అని వచ్చింది.

గాజు మీద టకటక చప్పుడు. అత్తరు తన ఫోన్ చూపిస్తోంది.

"ఈ డ్రాఫ్ట్ కార్లో మొదలుపెట్టాను, పిచ్చోడా! పాత కాపీ ఇందులో ఇంకా తెరిచే ఉంది. ఒక్క అక్షరం నొక్కితే చాలు, దానంతటదే సేవ్ అయి నీ రాతను మింగేస్తుంది. మీ అక్క పసుపుకుంకాలు నా బొటనవేలి కింద ఉన్నాయి."

డేగకు రక్తం మరిగింది. ఆమె గొంతు నులిమేయాలనిపించింది. కానీ జేబులోని పెన్ను మూత తిప్పాడు. సిగ్నల్ జామర్. బ్యాటరీ నిమిషానికి మించి రాదు. పన్నెండుకు ఇంకా అర నిమిషం ఉంది.

అత్తరు నొక్కింది. 'సేవ్ కాలేదు' అంది ఫోన్. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

"దొంగ వెధవా! ఏం చేశావు?"

"నీ ఫోన్‌కు గాలే దిక్కు. నాకు కేబుల్ ఉంది."

పన్నెండయింది. డ్రాఫ్ట్ కదలలేదు. పెన్ను చివర ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. 'చదవరా చచ్చినోడా' అని డేగ పళ్లు నూరాడు.

డ్రాఫ్ట్ మాయమైంది. షూటర్ రింగ్ ఆచారం తప్పలేదు. చదివాడు, తుడిచాడు.

డేగ 'అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్' నొక్కాడు. మరుక్షణం పెన్ను ఆరిపోయింది. అత్తరు ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. వస్తూనే పాస్‌వర్డ్ అడిగింది. ఆమె కొట్టేలోపే డేగ కుర్చీ ఎత్తి గాజు తలుపు పగలగొట్టి ఫోన్ లాక్కున్నాడు.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

"షూటర్ గోడౌన్‌లో దొరికాడట. నీ దయవల్ల బతికాను, బావమరిదీ."

"మా అక్క దయవల్ల. ఇంకేం అనుకోకు."

ఫోన్ పెట్టేసి డేగ తన సొంత మెయిల్ తెరిచాడు. డ్రాఫ్ట్స్‌లో ఒకటే ఉంది. కిందటి గొడవప్పుడు కోపంలో కొట్టి, పంపకుండా వదిలేసింది. 'బావా, నువ్వు పోతేగానీ మా అక్క సుఖపడదు.'

ముందు కంప్యూటర్‌లో తుడిచాడు. తర్వాత ఫోన్ తీసి అందులోనూ పోయిందో లేదో రెండుసార్లు చూశాడు. ట్రాష్ కూడా ఖాళీ చేశాడు. శత్రువుల చేతికి చిక్కితే ఎలాగో బయటపడొచ్చు గానీ, ఇది అక్క కంటబడితే ఏ జామరూ కాపాడలేదు.