ఫాయిల్ మడత

"ఆగు!"

ఆగడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. పైకి... ఇంకా పైకి!

గార్డు రివాల్వర్ తీస్తాడు. ఇన్నేళ్ల డ్యూటీలో అది నడుముకి వేలాడటమే తప్ప చేతికొచ్చింది లేదు. ఇవాళ వచ్చింది.

ఇప్పుడిప్పుడే చీకటి పడింది. రీసెర్చ్ సెంటర్ స్టాఫంతా ఇళ్లకి వెళ్లిపోయారు. బిల్డింగ్‌లో మిగిలింది ముగ్గురే. కింద ల్యాబ్ తుడుస్తున్న అతని భార్య. మెట్ల మీద అతను. అతని ముందు, ఆయాసపడుతూ పరిగెడుతున్న సైంటిస్టు.

సైంటిస్టు చంకలో ఒక సీసా!

చిట్టిని పొట్టన పెట్టుకున్న సీసా.

చిట్టి గార్డు కూతురు. ఒక్కగానొక్క కూతురు.

ఈ సెంటర్లో విటమిన్ డి మీద స్టడీ నడిచింది. ఎముకలు గట్టిపడతాయేమో చూద్దామని స్కూలు పిల్లలకి రోజూ చుక్కలు వేశారు. "మా చిట్టిని కూడా చేర్చుకోండి సార్" అని బతిమాలింది గార్డే. సైంటిస్టు సరేనన్నాడు. మంచి మనిషని పేరు. ఎవరు కనిపించినా 'పిల్లల్ని కాసేపు ఎండలో ఆడనివ్వండి' అంటాడని స్టాఫ్ ఆయనకి ఎండ డాక్టర్ అని పేరు పెట్టారు.

చుక్కలు తియ్యగా ఉన్నాయని చిట్టి నాలుక చాపి నిలబడేది.

తర్వాత దాహం మొదలైంది. ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం. వాంతులు. ఒంట్లో విటమిన్ డి ఎన్నో రెట్లు ఎక్కువైపోయిందన్నారు హాస్పిటల్లో. కిడ్నీలు పోయాయన్నారు. మిగతా పిల్లలు మంచాన పడి లేచారు. అందరిలోకీ చిన్నది చిట్టి. చిట్టి లేవలేదు.

అమృతమైనా అతిగా తాగితే విషమేనట. ఆ మాట అందరూ అంటారు. అన్నవాళ్లెవరూ కూతుర్ని చేతుల్లో మోసుకొచ్చి ఉండరు.

రేపు ఎంక్వయిరీ. చుక్కలు ఏ సీసాలోంచి కలిపారో ఆ సీసాని తీసుకెళ్తారు. తప్పు ఎవరిదో తేల్చేస్తారు.

ఇంతలో... ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది! సీసా లేదు!

"ఏవండీ! అటు... మెట్ల వైపు!" కేక పెట్టింది భార్యే.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

ఆఖరి మెట్టు. టెర్రస్ తలుపు. సైంటిస్టు భుజంతో గుద్దుతాడు... తెరుచుకోదు. ఆ తాళంచెవి గార్డు దగ్గరే ఉంది మరి!

"సీసా కింద పెట్టు!"

"పెట్టను."

"కాల్చేస్తా!"

"కాల్చు. ముందు దీన్ని పగలగొట్టనీ."

"నేరం నీ మీదికి రాకుండానా?"

"నా మీదికే రానీవయ్యా!" సైంటిస్టు సీసాని గుండెకి హత్తుకుంటాడు. "రేపు నేనే ఒప్పుకుంటా. జైలుకి పోతా. సీసా ఒక్కటీ నాకొదిలెయ్!"

గార్డుకి అర్థం కాదు. దొంగ ఎక్కడైనా ఇలా మాట్లాడతాడా?

"ఏం జరిగిందో చెప్పు!"

"సీసాలు రెండు. ఒకటి చిక్కటిది, ఒకటి నీళ్లలా పల్చగా చేసింది. వెలుతురు తగిలితే విటమిన్ పాడైపోతుంది. అందుకే రెండింటికీ సిల్వర్ ఫాయిల్ చుడతాం. పేరు ఆ ఫాయిల్ మీదే రాస్తాం. గాజు మీద ఏమీ ఉండదు."

"అయితే?"

"ఫాయిళ్లు తారుమారయ్యాయి. పేరు చదివి, పల్చటిదనుకుని చిక్కటిది పోశాను. పిల్లలకిచ్చే ముందు టెస్ట్ చెయ్యాలి... చెయ్యలేదు. అది నా నేరమే."

"తారుమారు చేసిందెవరు?"

సైంటిస్టు మొహం పక్కకి తిప్పుకుంటాడు.

"ఎవరు?!"

"వద్దు... అడగొద్దు. నీకు దణ్ణం పెడతా."

గార్డు సీసా లాక్కుంటాడు. రివాల్వర్ మెట్టు మీద పెడతాడు. టార్చ్ వేసి చూస్తాడు.

పేరు సైంటిస్టు చేతిరాతే. సీసా తిప్పుతాడు. అడుగున...



ఫాయిల్ మూలలు. ఒక్కో మూల రెండుసార్లు లోపలికి మడిచి, గోటితో నొక్కి ఉంది. చిన్న త్రికోణంలా.

ఆ మడత అతనికి తెలుసు. చిట్టి స్కూలు పుస్తకాల అట్టలన్నింటికీ అదే మడత. తను వేసిన అట్ట సాయంత్రానికల్లా ఊడొచ్చేది. "నాన్న మడత వద్దు, అమ్మ మడతే కావాలి" అని మూతి ముడిచేది చిట్టి.

భార్య ఒకరోజు మురిసిపోతూ చెప్పిన మాట ఇప్పుడు గుర్తొస్తోంది. "ఫ్రిజ్‌లో సీసాల ఫాయిల్ తడిసి ఊడిపోతోందండీ. అన్నీ విప్పి, తుడిచి, మళ్లీ చక్కగా చుట్టి పెట్టా. ఎండ డాక్టర్ గారు ఎంత మెచ్చుకున్నారో!"

గార్డు గోడకి ఆనుకుంటాడు. ఏడుపు రాదు.

"దానికి... తెలుసా?"

"తెలీదు," అంటాడు సైంటిస్టు. "తెలియకూడదనే ఇదంతా."

"తెలిస్తే బతకదు సార్."

చాలా రోజుల తర్వాత మళ్లీ సార్ అన్నాడు.

కింద చెప్పుల చప్పుడు. పరుగు. వస్తోంది!

గార్డు పరపరా ఫాయిల్ చింపేస్తాడు. గుప్పిట్లో నలిపేస్తాడు. సీసా వదిలేస్తాడు.

ఫట్!

గాజు పెంకులు మెట్ల మీద దొర్లుకుంటూ పోతాయి. భార్య కాళ్ల దగ్గర ఆగుతాయి.

"పగలగొట్టేశాడా?!" ఆమె రొప్పుతూ ఎక్కుతుంది. చేతులింకా సబ్బునీళ్లతో తడిగానే ఉన్నాయి. "ఎవరండీ? చెప్పాడా? మన చిట్టిని ఎవరు..."

గార్డు గుప్పిట వెనక్కి దాచుకుంటాడు.

"నేనేనమ్మా," అంటాడు సైంటిస్టు. "నేనే."

గార్డు ఆయన వైపు చూస్తాడు. ఆ మనిషి కాళ్ల మీద పడాలనిపిస్తుంది. కళ్లు మసకబారతాయి. అందుకే భార్య వంగడం చూడలేదు.

"పక్కకి తప్పుకోండి."

ఆ గొంతు ఎవరిదో అనిపిస్తుంది.

ఆమె చేతిలో రివాల్వర్!

"దించు! వద్దు... నా మాట విను!"

"నీళ్లు నీళ్లంటూ పోయిందండీ నా తల్లి."

"చెల్లెమ్మా..." సైంటిస్టు చేతులు జోడిస్తాడు. తప్పుకోడు.

ఒక్క మాట చాలు. 'ఆయన కాదు' అంటే చాలు. రివాల్వర్ ఆయన మీద నుంచి తప్పుకుంటుంది. మరి... ఎటు తిరుగుతుంది?

గుప్పిట్లో ఫాయిల్ మూల గుచ్చుకుంటోంది.

గార్డు నోరు తెరుస్తాడు.

మూసేస్తాడు.

ఢాం!