పదమూడో మగ్గానికి చోటు

ఆ మంగళవారం ఉదయం మెట్లెక్కి వచ్చిన స్త్రీ కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఫోన్ టేబుల్ మీద పెట్టి, అందులోని ఫొటో మీదికి వేలు చాపింది. మగ్గం మీద సగం నేసిన చీర. అంచు పొడవునా మామిడి పిందెల వరుస. ఒకచోట పిందెలు ఆగిపోయి హంసలు మొదలయ్యాయి.

"నేను దొంగతనం చెయ్యలే మేడం," అంది. "గా హంసలు వాటంతటవే వచ్చినయ్. చెప్తే ఎవ్వరు నమ్ముతలేరు."

వనపర్తిలో జిరాక్స్ దుకాణం మీది ఆ గదికి 'డిటెక్టివ్ రేణుక' అన్న బోర్డు కట్టి అప్పటికి ముప్పై ఆరు రోజులు. రేణుకకూ సాయినాథ్‌కూ పెళ్ళయి నలభై రోజులు. అంతకుముందు ఆమె పాలిటెక్నిక్‌లో సి అనే కంప్యూటర్ భాష చెప్పేది. పిల్లలు రాసిన ప్రోగ్రాముల్లో తప్పు పట్టీ పట్టీ, ఇక మనుషుల గొడవల్లో కూడా పట్టగలననుకుని ఉద్యోగం మానేసింది. సాయినాథ్ ఆమె సహాయకుడు. నోటుపుస్తకంలో అన్నీ రాసుకుంటాడు. రాయడం ఆపినప్పుడల్లా ఆమెనే చూస్తాడు, ఆ సంగతి దాచుకోడు కూడా.

అతను తెచ్చిన చాయ్ రెండు గుక్కలు తాగాక వచ్చినామె కుదుటపడింది. పేరు శ్రావణి, ఊరు గద్వాల. మామ బుచ్చన్న దగ్గర నేత నేర్చుకుంది. ఆయన పోయాక ఆయన మగ్గం తనే ఆడిస్తోంది. వాళ్ళ వీధి చేనేత సంఘం మూడు నెలల కిందట ఆఫీసులో ఒక కంప్యూటర్ పెట్టింది. ఇంటింటి మగ్గం మీద ఒక చిన్న పెట్టె బిగించారు. డిజైన్ ఆఫీసు నుంచి వరుస వెంట వరుసగా ఆ పెట్టెకు వస్తుంది, దాని ప్రకారం పోగులు లేస్తాయి. హంసల డిజైన్ సంఘం అధ్యక్షుడు వెంకటయ్యది. ఇంకా ఎవరికీ చూపించనిది. అది శ్రావణి చీర మీద కనిపించింది. వచ్చే ఆదివారం మీటింగులో ఆమె మగ్గం పెట్టె ఊడదీసి, సంఘం నుంచి తీసేస్తామని చెప్పారు.

"ఇంతకుముందు ఎప్పుడన్న గిట్లయిందా?" రేణుక అడిగింది.

శ్రావణి తల దించుకుంది. "ఒక్కపారి. పోయిన నెల. నా చెయ్యే తప్పిందనుకొని విప్పేసిన. ఎవ్వరికి చెప్పలే."

"ఏ రోజు?"

"అమావాస్య తెల్లారి. ఇప్పుడు గూడ అమావాస్య తెల్లారే. అమావాస్య నాడు మాకు నేత ఉండదు. అందరు ఇండ్లల్ల ఉంటే నేను ఆఫీసుకు పోయి డిజైన్ ఎత్కపోయిన్నంటుండు వెంకటయ్య పెద్దయ్య."

"పోయినవా?"

"ఆ దినం మా ఆయన బట్టలే ఉతుక్కుంట కూసున్న మేడం. ఆయనది నూలుకు రంగులేసే పని. ఎంత ఉతికినా మరక పోదు."

రేణుక నవ్వింది. కేసు తీసుకున్నట్టే అని సాయినాథ్‌కు తెలిసిపోయింది.

మర్నాడు ఇద్దరూ గద్వాల బస్సెక్కారు. పెబ్బేరులో బస్సు ఆగితే సాయినాథ్ దిగి వేడి మిర్చి బజ్జీలు కాగితంలో కట్టించుకొచ్చాడు. కృష్ణ మీద వంతెన వచ్చేసరికి కిటికీ సీటు ఆమెకు ఇచ్చేశాడు. నీళ్ళు ఎండకు మెరుస్తుంటే రేణుక సగం బజ్జీ చేతిలోనే పెట్టుకుని వంతెన దాటేదాకా మాట్లాడలేదు. కేసు గురించే ఆలోచిస్తోందని అతను అనుకున్నాడు. నిజానికి ఆమె నీళ్ళే చూస్తోంది.

వెంకటయ్య అరవై దాటిన మనిషి. కోపంగా ఉన్నా వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళు ఇప్పించాడు.

"అమావాస్య తెల్లారి మీ మగ్గం ఎట్ల నడిచింది పెద్దయ్యా?"

"ఏడ నడిచింది? పూజ చేసి మొదలువెట్టిన. అర్ధగంట ఆడి ఆగింది. మళ్ళ పగటి అన్నం ఏళకు గాని కదల్లే. అది గూడ గా పిల్ల పనే."

"పోయిన నెల?"

"గప్పుడు గూడ అంతే."

సాయినాథ్ రాసుకున్నాడు. డిజైన్ దొంగిలించేవాళ్ళు సొంతదారుడి మగ్గం ఆపి అతనికి అనుమానం ఎందుకు రానిస్తారో అతనికి అర్థం కాలేదు. ఆ మాటే పక్కన ప్రశ్నగుర్తుతో రాశాడు.

తర్వాత రేణుక నేత గురించి అడిగింది. వెంకటయ్య కోపం మరిచి చెప్పసాగాడు. మామూలు రోజుల్లో ఎవరో ఒకరింట్లో మగ్గం ఆగే ఉంటుందట. పాత పోగులు అయిపోయి కొత్తవి అతుక్కుంటూ ఉంటారు. పాడ్యమి, అంటే అమావాస్య మర్నాడు మాత్రం, ఆ రోజుకని పోగులు మిగుల్చుకుని ప్రతి ఇంట్లో కాసేపైనా మగ్గం ఆడాలి. ముందు పెద్దవాళ్ళ మగ్గం, అన్నిటికంటే చివర కొత్తగా నేత మొదలుపెట్టినవాళ్ళ మగ్గం.

"చివరిది ఎవరిది?"

"శ్రావణిది," అన్నాడు ఆయన. ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు మళ్ళీ గట్టిపడింది.

శ్రావణి ఇంట్లో గోడ మీద బుచ్చన్న ఫొటో ఉంది. ఆయన ఎప్పుడు పోయాడని రేణుక అడిగింది. మూడు నెలల కిందట, సరిగ్గా కంప్యూటర్ పని మొదలైన వారంలోనే అని శ్రావణి చెప్పింది. ఇంట్లో మైల ఉండగా మగ్గం ముట్టరు. మైల తీరాక పెట్టె బిగించడానికి వేరే మనిషి వచ్చాడు. అప్పటినుంచి రెండు నెలలుగా నేస్తోంది.

ప్రోగ్రాం రాసిన సురేందర్‌ది నాగర్‌కర్నూల్. శుక్రవారం అక్కడికి వెళ్ళారు. కోచింగ్ సెంటరులో పాఠం ఆపి వచ్చిన అతను, తన మీద కేసు వస్తుందేమోనని భయపడ్డాడు. అయినా ఏమీ దాచకుండా ప్రోగ్రాం తెరిచి చూపించాడు. రేణుక నిలబడే చదివింది. ఒక వరుస దగ్గర ఆగి, దాని మీద వేలు పెట్టింది.

"ఈ లెక్క ఎవరిచ్చిండ్రు తమ్ముడూ?"

సురేందర్ సొరుగులోంచి పాత డైరీ తీశాడు. అందులో అతని చేతిరాతతో, 'మగ్గాలు పన్నెండు, అధ్యక్షుడిది ఒకటి' అని ఉంది. ఆదివారం గద్వాలకు రమ్మని రేణుక అతనికి చెప్పింది.

తిరుగు బస్సులో సాయినాథ్ ఉండబట్టలేకపోయాడు. "దొంగ ఎవరు?"

"దొంగతనమే జరగలే సాయీ. తప్పు జరిగింది. చేసినోళ్ళు ఇద్దరు."

"ఎవరా ఇద్దరు?"

"నీ పుస్తకంలోనే ఉంది," అని ఆమె అతని భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అతను వనపర్తి వచ్చేదాకా కదలకుండా కూర్చుని, ఎడమ చేత్తో పుస్తకం పేజీలు తిప్పాడు. ఏమీ తేలలేదు. అయినా అంత హాయి ప్రయాణం అతనికి గుర్తులేదు.

ఆదివారం సంఘం గదిలో నేతవాళ్ళంతా కూర్చున్నారు. శ్రావణి గుమ్మం పక్కనే నిలబడింది. సురేందర్ ఒక మూల ఉన్నాడు. రేణుక బల్ల మీద నూలు చుట్టిన కండెలు పెట్టుకునే చెక్కపెట్టె ఒకటి పెట్టింది. అందులో పదమూడు గళ్ళు. చివరి గడిలో ఎర్ర నూలు కండె ముందే ఉంది.

"మీ కంప్యూటర్‌కు, ఒక్కొక్క మగ్గానికి మధ్య ఒక దారి ఉంటది," అని మొదలుపెట్టింది. "ఆ దారి గురించి కంప్యూటర్ మూడు సంగతులు గుర్తుంచుకోవాలె. ఎవరి మగ్గం, ఏ డిజైన్, ఎంతవరకు పంపింది. గవి రాసుకోనీకి మెమరీల ఒక్కో మగ్గానికి ఒక్కో గడి కావాలె. ఎన్ని గళ్ళు కావాల్నో ప్రోగ్రాం రాసినోళ్ళే ముందుగాల అడిగి తీసుకోవాలె. సురేందర్ పదమూడు తీసుకున్నడు. పన్నెండు మీకు, ఆఖరుది పెద్దయ్యకు."

ఆమె ఒక్కొక్క తెల్ల కండె తీసి వరుసగా గళ్ళలో పెట్టింది. పన్నెండు నిండాయి. చేతిలో ఇంకొకటి మిగిలింది.

"మామూలు రోజుల్ల ఎవరో ఒకరి మగ్గం ఆగి ఉంటది కాబట్టి పన్నెండు సరిపోయినయ్. పాడ్యమి నాడు అందరు మొదలువెడ్తరు. గప్పుడు పదమూడోది వస్తది. చోటు లేదని చెప్పాల్సిన ప్రోగ్రాం చెప్పలే. వరుసల తరువాత గడి ఏదైతే గాడ వెట్టింది."

ఆమె మిగిలిన కండెను ఎర్ర కండె ఉన్న గడిలోకి తోసింది. ఎర్రది ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెంకటయ్య ముందు ఆగింది.

"గడిల మగ్గం పేరు మారింది, అందుకని పెద్దయ్య మగ్గం ఆగింది. డిజైన్ మాత్రం మార్చలే, పెద్దయ్యకు అంతకుముందు రాసిందే ఉండె. అందుకని హంసలు శ్రావణి మగ్గానికి పోయినయ్. ఆమె ఆఫీసుకు పోలే, ఏదీ ముట్టలే. అందరికంటే ఆఖరుకు మగ్గం మొదలువెట్టింది, అంతే."

సురేందర్ లేచి, గళ్ళు నిండాయో లేదో చూసుకోకపోవడం తన తప్పేనని ఒప్పుకున్నాడు. శ్రావణి వైపు తిరిగి, "మాఫ్ చెయ్యి అక్కా," అన్నాడు.

"సగం తప్పు అతనిది," రేణుక అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పెద్దయ్యా, మీ వీధిల మీది కాక ఎన్ని మగ్గాలు?"

"పదమూ..." అని వెంకటయ్య ఆగిపోయాడు.

ఆయన ముందున్న ఎర్ర కండెను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పాడు. "ఈ పిలగాడు వచ్చి అడిగిన దినం బుచ్చన్న పోయి నాలుగు దినాలు," అన్నాడు చివరికి. "మైల ఉన్న ఇంటి మగ్గం లెక్కల చెప్పరు. మా నాయన చెప్పకపోతుండె, నేను గూడ చెప్పలే. మైల తీరినంక జెప్దామనుకున్న. మర్చిపోయిన." గుమ్మం వైపు చూశాడు. "నా దోస్తు మగ్గం నేనే లెక్కల నుంచి తీసేసి, దొంగదన్న గదా బిడ్డా."

శ్రావణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మం విడిచి లోపలికి వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. వాళ్ళు జరిగి చోటిచ్చారు.

"పద్నాలుగు అని రాసుకో," వెంకటయ్య సురేందర్‌తో అన్నాడు.

"లెక్కే రాయొద్దు పెద్దయ్యా," అంది రేణుక. "రేపు ఇంకో ఇంట్ల కొత్త మగ్గం వస్తది. మగ్గం వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం చోటు అడగాలె, ఆగినప్పుడు తిరిగి ఇచ్చెయ్యాలె. చోటు దొరక్కపోతే దొరకలేదని చెప్పాలె. ఎవరి మీద ఎవర్ని కూసోవెట్టొద్దు."

తర్వాతి పాడ్యమికి ఇద్దరూ మళ్ళీ గద్వాల వచ్చారు. పిలిచింది శ్రావణే. వీధి మొదట్లో సాయినాథ్ ఆగి చెవి రిక్కించాడు. ఏ ఇంట్లోనూ చప్పుడు లేదు. పూజలైపోయాయి, పెట్టెల మీద దీపాలు వెలుగుతున్నాయి, అందరూ మగ్గాల ముందే ఉన్నారు. వెంకటయ్య కూడా తన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, చేతులు ఒడిలో ఉంచుకుని కూర్చున్నాడు.

"ఇంకా మొదలువెట్టలేదా పెద్దయ్యా?" రేణుక అడిగింది.

ఆయన వేలు పెదవి మీద పెట్టాడు. వీధి చివర బుచ్చన్న ఇంట్లో మగ్గం ఒకసారి చప్పుడు చేసింది. మళ్ళీ ఒకసారి. అది వరస పట్టేదాకా విని, అప్పుడు వెంకటయ్య తన మగ్గం మీద చెయ్యి వేశాడు. ఆయన వెనకే మిగిలినవన్నీ.