నాలుగో వార్డు బోరింగు

ఓటడగడానికి వెళ్లినవాడి చేతిలో ఖాళీ బిందె పెట్టే మనుషులుంటారని దాలినాయుడికి ఆ రోజు వరకూ తెలియదు.

ఎనభై ఎనిమిది పంచాయతీ ఎన్నికల మాట ఇది. విశాఖ జిల్లా పద్మనాభం దగ్గర కొత్తమల్లివలసలో నాలుగో వార్డు మెంబరు అతను. ఏడేళ్ల కిందట పోటీ లేకుండా గెలిచాడు. ఈసారీ ఎవడొస్తాడులే అనుకుని, మొదటి రోజే నామినేషను వేసేసి, మళ్లీ విశాఖపట్నం పోర్టులో తన ఫిట్టరు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. మొదటి బస్సుకి పోవడం, ఆఖరి బస్సుకి రావడం. నామినేషన్ల గడువు ముగిసిన మర్నాడు రెండు వారాలు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మర్యాదకి ఇల్లిల్లూ పలకరించడానికి బయల్దేరాడు.

"తవిటయ్య మావా! మళ్లీ నానే. కాస్త కనిపెట్టుకోవాల" అని కేకేశాడు మూడో ఇంటి ముందు.

లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. మెడలో టేపు వేలాడేసుకుని ఒక అమ్మాయి బయటికొచ్చింది. జడకి ఎర్ర దారప్పోగు అంటుకుని ఉంది. ఆ సంగతి చెబుదామా వద్దా అని ఆలోచిస్తూ దాలినాయుడు రెండు క్షణాలు ఎక్కువే చూశాడు.

"అయ్య పొలానికెల్లాడు. ఏటి కావాలి?"

"ఓటు."

అమ్మాయి గుమ్మం పక్కనున్న ఇత్తడి బిందె తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇదేటి?"

"బిందె. పొలంలో నూతి కాడికెల్లి నింపి తెండి. ఓటు సంగతి తర్వాత సూద్దాం."

ఎదురుగా బోరింగుంది కదా అనబోయి నాలుక కరుచుకున్నాడు. బోరింగు ఉన్నమాట నిజమే. లోపల గొలుసు తెగి ఐదు నెలలైంది. కొడితే చెయ్యి నొప్పి తప్ప చుక్క రాదు.

"మెంబరుగారూ, పోర్టులో ఓడలోకి ఖనిజం ఎక్కించే బెల్టు మీరే బాగుసేత్తారట. నిజమేనా?"

"నిజమే."

"మరి మీ ఇంటికి ముప్పై గజాల్లో ఉన్న బోరింగు మీ కంటికి ఆనలేదేటి?"

"అది గవర్నమెంటు సొత్తు. మండలాఫీసు మెకానిక్కే ముట్టుకోవాల. రూలు. నాలుగు అర్జీలు పెట్టినాను."

"ఆ నాలుగూ పిండితే సెంబుడు నీల్లొత్తాయా?"

దాలినాయుడు చేతిలోని ఖాళీ బిందెలోకి చూశాడు. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. రోజూ ఆఖరి బస్సు దిగేసరికి ఇంట్లో బిందెలు నిండి ఉంటాయి. వాటిని ఎవరు నింపారో, ఎంత దూరం నుంచి మోశారో అతను ఎప్పుడైనా అడిగితే కదా! బిందె భుజానికెత్తుకుని నడిచాడు.

మనిషి ఇటునుంచి ఇటే ఇంటికి పోతాడని ఆ అమ్మాయి అనుకుంది. అరగంటకి నిండు బిందెతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా సగం తడిసింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి టేపు చివర నోట్లో పెట్టుకుంది. ఎదురింటి అసిరమ్మ మాత్రం ఆపుకోలేదు. గట్టిగా నవ్వి, తన బిందె కూడా తెచ్చి అతని ముందు పెట్టింది. మధ్యాహ్నానికి పదకొండు ఇళ్లు, పదకొండు బిందెలు.

భుజం రుద్దుకుంటూ ఇంటికొచ్చిన కొడుకుని చూసి రామలక్ష్మమ్మ అడిగింది. "ఈ నీల్లమోత ఎవులింట్లో మొదలెట్టినావురా?"

"తవిటయ్య మావ ఇంట్లో. ఆ కుట్టుమిషను పిల్ల..."

"ఓరి నా బాబో! అది తవిటయ్య కూతురు గౌరీశ్వరిరా. ఇన్నాళ్లూ కంచరపాలెంలో సిన్నమ్మ కాడ సదువుకుని, మొన్న దసరాకే వచ్చింది. నిన్న ఆఖరి గంటలో నామినేషనేసింది. నీ మీదే!"

పోటీ అభ్యర్థి ఇంటికెళ్లి ఓటడిగి, ఆవిడకే నీళ్లు మోసుకొచ్చిన మెంబరు ఆ చుట్టుపక్కల పంచాయతీలన్నిటిలో అతనొక్కడే అయ్యుంటాడు.

మర్నాడు పొద్దున్న బిందె లేకుండా ఆమె ఇంటికి బయల్దేరాడు. కానీ వీధిలో పదకొండు బిందెలు అప్పటికే వరసగా పెట్టి ఉన్నాయి. తప్పలేదు. నూతి దగ్గర గౌరీశ్వరి ఎదురైంది.

"నామినేషనేసినట్టు నిన్న సెప్పొచ్చు కదా?"

"మీరడిగింది ఓటు. నా సంగతులడిగితే సెప్పేదాన్ని."

"ఇప్పుడడుగుతున్నాను. ఎందుకేసినావు?"

గౌరీశ్వరి చేద లాగుతూ, అంగడి సరుకుల పేర్లు చదివినంత మామూలుగా చెప్పింది. "బోరింగు కోసం ఒకటి. రెండోది, మా అయ్య గాజువాక సంబంధం ఒప్పీసుకున్నాడు. స్టీల్ ప్లాంటులో స్టోరు కీపరు. పెళ్లయ్యాక మిషను అమ్మీమన్నాడు. నాకొద్దన్నాను. అయ్య వింటాడేటి? గొడవపడీ గొడవపడీ ఆఖరికి బేరం కుదిరింది. ఎలచ్చన్లో గెలిస్తే ఊల్లోనే ఉంటాను. ఓడిపోతే వైశాఖంలో నోర్మూసుకుని తాళి కట్టించుకోవాల. ఆడపిల్ల గెలవదని మా అయ్యకి ధైర్యం."

దాలినాయుడి చేతిలో బిందె నిండి పొర్లిపోతోంది. అతను చూసుకోలేదు.

"అయితే నాను విత్‌డ్రా సేసుకుంటాను. ఇంకా రెండ్రోజులు టైముంది."

గౌరీశ్వరికి నిజంగానే కోపం వచ్చింది. "మీరు జాలిపడి ఒగ్గీసిన కుర్సీలో కూకోడానికా నానేసింది? ఆ గెలుపు మా అయ్య ఒప్పుకోడు. నానూ ఒప్పుకోను. పోటీ సేసి ఓడండి. సేతనైతే గెలవండి."

"గెలిస్తే నువ్వు గాజువాకెల్లిపోతావు కదా?"

"నానెక్కడికెల్తే మీకేటి?"

దానికి జవాబు దాలినాయుడి దగ్గర ఉంది. చెప్పడానికే ధైర్యం చాలలేదు. బిందె ఎత్తుకున్నాడు.

విత్‌డ్రా గడువు దాటింది. అతనికి గొడుగు, ఆమెకి నిచ్చెన గుర్తులొచ్చాయి. ఆమె పొద్దున్న మిషను కుట్టి, సాయంత్రం నిచ్చెన బొమ్మ పట్టుకుని తిరిగేది. అతను పొద్దున్నా సాయంత్రం బిందెలు మోసేవాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. మోసేకొద్దీ వీధి అతనివైపు తిరగడం మొదలెట్టింది.

"ఉజ్జోగస్తుడై ఉండి మన గుమ్మంలోకి నీల్లు తెత్తన్నాడు. ఇలాటి మెంబరు ఎక్కడ దొరుకుతాడే?" అంది అసిరమ్మ. ఆవిడ అంటే వీధిలో సగం మంది అన్నట్టే. ఇలాగైతే గెలిచేస్తానేమోనని దాలినాయుడికి భయమేసింది.

ఆ సాయంత్రం గౌరీశ్వరిని అడిగాడు. "నీల్లు మొయ్యడం మానీనా?"

"మానితే ఎవులు మోత్తారు? అసిరమ్మ అప్ప నడుం మీరు బాగుసేత్తారేటి? మొయ్యండి" అని ఖాళీ బిందె చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు అతని భుజం మీద ఎర్రగా కమిలిన చోటు చూసింది. మరునాడు బిందెతోపాటు, పాత గుడ్డలు మడిచి కుట్టిన మెత్త ఒకటి ఇచ్చింది.

"ఇదేటి?"

"భుజానికి. ఓటు కోసం కాదు."

పోలింగుకి మూడు రోజుల ముందు రామలక్ష్మమ్మ కుంకం భరిణె పట్టుకుని బయల్దేరింది. ఆ ఊళ్లో ఓటు నోటితో అడిగితే లెక్కలోకి రాదు. అభ్యర్థి తరఫు ఆడమనిషి గుమ్మంలోకొచ్చి ఇంటి ఆడవాళ్లకి బొట్టు పెట్టాలి. బొట్టు పెట్టించుకుంటే మాట ఇచ్చినట్టే. ఓటు వెయ్యకూడదనుకున్నవాళ్లు ఆ పూట తలుపు గడియ పెట్టుకుని పొలం పోతారు.

గౌరీశ్వరి గుమ్మం ముందు రామలక్ష్మమ్మ ఆగింది. పోటీ ఇల్లు కదా, దాటేస్తుందని వీధి వీధంతా చూస్తోంది.

"గడప ఒగ్గీసి ఎల్లడం తప్పే అమ్మా. నువ్వెట్టించుకోపోయినా నానేటీ అనుకోను" అంది.

గౌరీశ్వరి మాట్లాడకుండా నుదురు ముందుకు వంచింది.

అదే సాయంత్రం గౌరీశ్వరి తన భరిణెతో దాలినాయుడి గుమ్మంలోకొచ్చింది. రామలక్ష్మమ్మ పీట వేసుకు కూర్చుని శుభ్రంగా బొట్టు పెట్టించుకుంది. పైగా, "పెద్దగా ఎట్టే, కనపడాల" అంది కూడా.

"అమ్మా! నువ్వెవులి మనిషివి?" అన్నాడు దాలినాయుడు.

"ఇంటికొచ్చిన ఆడపిల్ల బొట్టెడతానంటే వద్దంటారేటిరా?"

అందరూ నవ్వారు. అభ్యర్థికీ, అభ్యర్థి తల్లికీ పెట్టిన బొట్టు మర్యాదకే అనుకున్నారు. ఆ ఇద్దరు ఆడవాళ్లు మాత్రం నవ్వలేదు.

పోలింగు రోజు బళ్లో అట్టపెట్టె చాటున దాలినాయుడు చాలాసేపు నిలబడ్డాడు. కాగితం మీద గొడుగు, నిచ్చెన. ఏడేళ్ల మెంబరీ. వీధిలో దొరికే నమస్కారం. అవన్నీ అతనికి ఇష్టమే, లేవని ఎందుకనాలి? అయినా గాజువాక బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న గౌరీశ్వరి కళ్లముందు కనపడింది. ఆ పిల్ల లేని వీధికి మెంబరునై ఏం చేసుకోను అనుకుని, ముద్ర గుద్ది, మడిచి పెట్టెలో వేశాడు.

నాలుగు గంటలకి లెక్క పూర్తయింది. నిచ్చెన నూట నలభై మూడు. గొడుగు నూట నలభై రెండు.

ఒక్క ఓటు! అసిరమ్మ బళ్లోనే కళ్లొత్తుకుంది. దాలినాయుడు గెలిచినవాడిలా నవ్వుతూ అందరికీ దణ్ణం పెట్టి ఇంటికెళ్లి, నిశ్చింతగా పడుకుని నిద్రపోయాడు. ఓడిపోయి ఇంత సుఖంగా నిద్రపోయిన అభ్యర్థిని తల్లి ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు తెల్లవారగానే అతను స్పానర్ల సంచి, ఒక కొత్త గొలుసు పట్టుకుని బోరింగు దగ్గర కూర్చున్నాడు. గౌరీశ్వరి బిందెతో వచ్చి నిలబడింది.

"గవర్నమెంటు సొత్తు కదా. రూలు?"

"మెంబరుగారు ఆర్డరిత్తే విప్పుతాను" అన్నాడు.

"మెంబరు ఆర్డరుకి అంత పవరుందా?"

"ఏడేళ్లు సేసినాను, నాకూ తెలీదు. అడిగినోడు లేడు."

"అయితే ఇత్తన్నాను. విప్పండి." గొలుసు చేతిలోకి తీసుకుని చూసింది. "కొత్తది. ఎప్పుడు కొన్నారు?"

"మొన్న. పూర్ణా మార్కెట్లో."

"మొన్నంటే?"

అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. "విత్‌డ్రా ఆఖరి రోజున."

గౌరీశ్వరి లెక్కేసుకుంది. ఆ రోజు నుంచి పోలింగు వరకూ తొమ్మిది రోజులు. పూటకి పదకొండు బిందెల చొప్పున రోజుకి రెండు పూటలు. గొలుసు పెట్టెలో పెట్టుకుని ఈ మనిషి అన్నీ భుజం మీద మోశాడు.

"అంటే ఆ రోజే బాగుసెయ్యొచ్చు!"

"సేత్తే గెలిసీసేవాడిని."

"పోటీ సేసి ఓడమన్నాను కదా మిమ్మల్ని!"

"బిందెలు మొయ్యడం పోటీ కాదేటి? మోసి మోసి ఒక్క ఓటు దాకా వచ్చీసినాను. బూత్‌లో నిలబడి సూసుకుంటే నా ఓటొకటే నా సేతిలో ఉన్నాది. అది నీకేసినాను. నువ్వెల్లిపోతే నాను ఉండలేను గౌరీ. నూతి కాడ అడిగినావు కదా, నానెక్కడికెల్తే మీకేటని. ఇదే జవాబు."

ఆమె గొలుసు తిరిగి అతని పక్కన పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

"నా ఓటు మీకేసినాను" అంది.

దాలినాయుడి చేతిలో స్పానరు జారిపోయింది. "నీకు మతిపోయిందా? వైశాఖం, గాజువాక, అవన్నీ మర్సిపోనావా?"

"ఏటీ మర్సిపోలేదు. మీ అమ్మ బొట్టెట్టింది. నుదురొంచి మాట తప్పమంటారా? ముద్రేసినప్పుడు గాజువాకే గుర్తొచ్చింది. అయినా ఏసినాను."

"నా ఓటు ఎవులికేసినానో అడగరేటి?" గోడవతల నుంచి తల పైకెత్తి అడిగింది రామలక్ష్మమ్మ. "నాకూ ఈ గుంటపిల్ల బొట్టెట్టింది కదా!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రెండిళ్లలో సొంత మనిషికి ఓటేసుకున్న బుద్ధిమంతుడు తవిటయ్య ఒక్కడే అయ్యుండాలి. ఆ తవిటయ్య అప్పుడే పొలానికి పోతూ, ఈ మాటలన్నీ విని బోరింగు దగ్గర ఆగాడు.

"నానూ కూతురికే ఏసినాను. ఓడాలని పందెం కాసినోడినే. కాగితం మీద దాని నిచ్చెన సూడగానే సెయ్యి అటే పోయింది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "గాజువాకోల్లకి కబురెట్టీసినాను. మెంబరు ఊరొగ్గీసి కాపరానికెల్తే మెంబరీ పోద్దంట. దాలినాయుడూ, ఈ వార్డులో వరసైనోడూ, పెళ్లి కావలసినోడూ నువ్వొక్కడివే. ముందు ఆ బోరింగు సంగతి సూడు, తర్వాత మీ అమ్మని తీసుకుని ఇంటికి రా."

గొలుసు బిగించడానికి పావుగంట పట్టింది. ఐదు నెలల కష్టం పావుగంట పనే అని తెలిసి దాలినాయుడికి మళ్లీ సిగ్గేసింది. పిడి పది సార్లు కొట్టాడు. ముందు తుప్పు నీళ్లు, తర్వాత తేట నీళ్లు. అసిరమ్మ పరుగెత్తుకొచ్చింది. వీధిలో బిందెలన్నీ కదిలాయి.

మొదటి బిందె గౌరీశ్వరిది. నిండాక ఎత్తి అతని చేతిలో పెట్టింది.

"ఇంకా మొయ్యాలేటి? ఎవులింటికి?"

"మీ ఇంటికే. పట్టుకెల్లి అత్తకివ్వు బావా" అంది గౌరీశ్వరి. "ఇక మీద మోసేది నానే. దారి సూపించు."