నూకాలమ్మ చెప్పిన రిపేరు

"మీరు బాగుచేసిన కొద్దీ ఇంకా బాగా వేడెక్కుతోంది," అంటూ త్రివేణి కారు తాళం బల్ల మీద పెట్టింది.

శ్యామ్ తాళం వంక చూశాడు. ఆమె వంక చూడటం కన్నా అది తేలిక.

టాటానగర్ దగ్గర సీతారాండేరాలో శ్యామ్ గరాజ్‌కి ఒకసారి బాగైన బండి మళ్ళీ తిరిగి రాదని పేరు. ఈ తెల్లకారు తిరిగి రావడం ఇది మూడోసారి. అన్నీ శనివారాలే. త్రివేణి తన నానమ్మ నూకాలమ్మకి మోకాలి వ్యాయామాలు చేయించడానికి సాక్చి తీసుకెళ్తుంది. పర్సుడీహ్‌లో ఇంటికి తిరిగెళ్ళే దారిలో ఇక్కడ ఆగుతుంది. ఏసీ లేకుండా నడిపితే బండి బంగారం. ఏసీ వేస్తే మాత్రం పావుగంటలో వేడి చూపే సూది ఎర్రగీత దగ్గరికి పోతుంది.

మొట్టమొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరికీ గొడవే అయింది.

"నీళ్ళు పోశారా?" అని అడిగాడు శ్యామ్.

"నేను స్కూల్లో ఫిజిక్స్ చెప్తాను."

"అది కాదండీ. నీళ్ళు పోశారా?"

"పోశాను. మీరు బానెట్ తెరుస్తారా, నన్నే తెరవమంటారా?"

తెరిచాడు. పది నిమిషాల్లో దొరికింది. ఫ్యాన్‌కి కరెంటు అందించే రిలే కాలిపోయింది. కొత్తది వేశాడు. ఎందుకు వేడెక్కిందో చెప్పమంటే చెప్పాడు. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాడు. మూడోసారి అడిగితే మరింత వివరంగా చెప్పాడు. ఇంజన్ వేడికి ఏసీ వేడి తోడవుతుందని, ముందు నుంచి వచ్చే గాలి సగం ఆగినా మామూలుగా నడిచే బండి, ఏసీ వేయగానే ఉడికిపోతుందని. ఫిజిక్స్ చెప్పే మనిషికి ఇది మూడుసార్లు ఎందుకో ఆ రోజు అతనికి తట్టలేదు.

ఆమె వెళ్ళాక తట్టింది వేరే సంగతి. ఆ అమ్మాయి నచ్చింది. ఎంత నచ్చిందంటే, కాలిపోయిన రిలేని పారేయడానికి చేతులు రాక సొరుగులో దాచుకున్నాడు.

తర్వాతి శనివారం కారు మళ్ళీ వచ్చింది. వచ్చేసరికి పొయ్యిలా ఉంది. కానీ గరాజ్‌లో అరగంట ఏసీ వేసి ఉంచినా సూది కదల్లేదు. శ్యామ్ ఫ్యాన్ చూశాడు, కూలెంట్ చూశాడు, బెల్టు చూశాడు. ముందు సీట్లో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్న నూకాలమ్మ అతన్ని దగ్గరికి పిలిచి మనవరాలిని చూపించింది.

"ఈ గుంట అట్ట ముందేసి నడిపితే ఏడెక్కదేటి, నాయనా?"

"నిజమే మామ్మగారూ," అన్నాడు శ్యామ్ వినయంగా. త్రివేణి వైపు తిరిగి, "బండి తియ్యగానే ముందే ఏసీ వెయ్యకండి. ఐదు నిమిషాలు నడిచాక వెయ్యండి," అని చెప్పాడు.

"ఐదు నిమిషాలు," అని త్రివేణి ఫోన్‌లో రాసుకుంది. "నానమ్మా, చుప్ బైఠో నా," అని ముసలావిడ నోరు మూయించింది.

ఆ పై వారం థర్మోస్టాట్ మార్చాడు. నూకాలమ్మ మళ్ళీ అదే మాట అంది. శ్యామ్ మళ్ళీ అదే సలహా ఇచ్చాడు.

ఈ రోజు మాత్రం త్రివేణి తండ్రి సత్యప్రసాద్ ఫోన్ చేశాడు. టాటానగర్‌లో రైల్వే ఉద్యోగం ఆయనది. మాట తక్కువ.

"శ్యామ్ బాబూ, ఇయ్యాల తేలకపోతే బండి అమ్మేత్తాను. ఆళ్ళు ఆటోలో తిరుగుతారు."

శ్యామ్ ఫోన్ జేబులో పెట్టుకుని ఆలోచించాడు. రోగం దొరక్కపోతే కారు పోతుంది, కారుతోపాటు త్రివేణి రాకపోకలూ పోతాయి. దొరికితే బండి బాగైపోతుంది, ఆమెకి ఇక్కడ పనుండదు. ఎటు చూసినా వచ్చే శనివారం ఖాళీయే. అతనికి నిజంగానే దిగులేసింది. అయినా ఈ ఎండలో ముసలావిడతో ఏ వంతెన మీదో కారు ఆగిపోతే ఎలా? కనిపెట్టి తీరాలనుకున్నాడు.

ఇద్దరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, మాన్గో వంతెన దాకా వెళ్ళొచ్చాడు. సూది సగంలోనే ఉంది.

"మీ ముందు మర్యాదగా ఉంటుంది," అంది త్రివేణి. "మా క్లాసు పిల్లలూ అంతే, హెడ్‌మాస్టర్ ముందు."

"వేడెక్కినప్పుడు ఎలా ఉంటుంది?"

"కంగారుగా ఉంటుంది. ఏం మాట్లాడాలో తెలీదు."

"బండి గురించి అడిగాను."

"నేనూ బండి గురించే చెప్తున్నాను."

గరాజ్‌లో దిగేసరికి శ్యామ్ వాళ్ళ అమ్మ ఫోన్ చేసింది. ఆవిడ తెలుగులో అడగడం, ఇతను హిందీలో బదులివ్వడం వాళ్ళింట్లో అలవాటు.

"ఎప్పుడు వత్తావు? అన్నం మీద పళ్ళెం ఏసి ఉంచినాను."

"ఆ రహా హూఁ, అమ్మా."

"పిల్లి తిరుగుతంది, అందుకే పళ్ళెం ఏసి..."

"ఏమేసి?" అన్నాడు శ్యామ్, తెలుగులో.

"పళ్ళెం. పళ్ళెం ఏసి."

శ్యామ్ ఫోన్ పెట్టేసి నూకాలమ్మ వైపు తిరిగాడు. వాళ్ళ అమ్మ టెక్కలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఏనాడూ 'వేసి' అనలేదు. ఎప్పుడూ 'ఏసి'యే. ఇంట్లో రోజూ వినే ఆ మాటే గరాజ్‌లో వినబడితే, వెధవది, ఏసీ అయి కూర్చుంది. నూకాలమ్మ అన్నది ముందే ఏసీ అని కాదు. ముందు వేసి అని. ఏది వేసి? 'అలా' అనుకుని వదిలేసిన ఆ అట్ట!

"మామ్మగారూ, ఆ అట్ట ఒకసారి ఇస్తారా?"

త్రివేణి ఉన్నట్టుండి వాచీ చూసుకుంది. "లేటవుతోంది, వచ్చే వారం చూద్దాం."

నూకాలమ్మ అప్పటికే అట్ట ఇచ్చేసింది. దాని మీద ధూళి గీతలు ఐదున్నాయి. కారు ముందు జాలీకి ఉన్న కమ్మీలూ ఐదే. శ్యామ్ తీసుకెళ్ళి ఆన్చి చూశాడు. సరిగ్గా సగానికి సరిపోయింది. మూలల్లో తాడు కట్టుకోవడానికి చిల్లులు కూడా ఉన్నాయి.

"మూడు వారాల నుంచీ చెప్తన్నాను," అంది నూకాలమ్మ. "సాక్చిలో కడతాది, మీ సందు మొదట్లో ఇప్పుతాది. నాకిచ్చి ఇసురుకోమంటాది. నా మాట ఇనే నాథుడేడీ."

త్రివేణి మొహం ఎర్రబడింది. "సగమే కట్టాను. సూది ఎర్రగీత ముట్టకముందే ఏసీ ఆపేశాను. ఇంజన్‌కి ఏమీ కాలేదు."

"ఎందుకండీ ఇదంతా?"

"మీరు ఆ రిలే పది నిమిషాల్లో మార్చేశారు." ఆమె తాళం చేతిలో తిప్పుతూ నేల చూసింది. "మళ్ళీ రావాలనిపించింది. బాగున్న బండి తీసుకుని ఏమని రావాలి?"

శ్యామ్ సొరుగు తెరిచి, కాలిన రిలే తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది పనికొస్తుందా?" అంది త్రివేణి.

"రాదు. మీ బండిదని దాచుకున్నాను."

ఇద్దరూ ఆ రిలే వంక చాలాసేపు చూశారు. అంతలో ఫోన్ మోగింది. సత్యప్రసాద్.

"ఏటి, దొరికిందా?"

"దొరికిందండీ. బండిలో లోపం లేదు. ముందు గాలికి అడ్డం ఉంది, తీసేశాను."

"ఎవులు పెట్టినారు?"

శ్యామ్ త్రివేణి వైపు చూశాడు. లోపం ఎక్కడుందో దాచి అతను ఇంతవరకూ ఏ బండీ అప్పగించలేదు.

"నా కోసం పెట్టారండీ. రేపు మా అమ్మని తీసుకుని మీ ఇంటికొచ్చి వివరంగా చెప్తాను."

"రిపేరుకి మీ అమ్మెందుకు?"

"పెద్ద రిపేరండీ."

త్రివేణి తాళం తిప్పడం ఆపేసింది.

"ఏ ఊరోళ్ళు మీరు?" అన్నాడు సత్యప్రసాద్ చివరికి.

"టెక్కలి పక్కనండీ."

"పదింటికి రండి. బండి అమ్మన్లే."

ఫోన్ పెట్టేశాడు. త్రివేణి కళ్ళు తుడుచుకుని, ధూళి పడిందని చెప్పింది. ఎవరూ అడగలేదు.

"అట్ట నీకాడే ఉంచు, నాయనా," అంది నూకాలమ్మ, సీట్లో సర్దుకుంటూ. "ఉడికిపోతన్నాను. ఓసే, ఇకనైనా ఏసీ ఏసి నడుపు."

"ఐదు నిమిషాలు ఆగాలి నానమ్మా," అంది త్రివేణి బండి స్టార్ట్ చేసి. "మెకానిక్ గారు చెప్పారు."

శ్యామ్ కిటికీ మీదికి వంగాడు.

"అక్కర్లేదు," అన్నాడు. "ముందే వెయ్యండి."