తెల్లగా వచ్చిన తొమ్మిదో రీలు

"మళ్లీ తెల్లగానే వచ్చిందండీ!"

కడిగి ఆరబెట్టిన ఫిల్మును లైటుకెదురుగా పట్టి చూపించింది స్టూడియో అమ్మాయి. ముప్ఫై ఆరు ఫొటోలు ఉండాల్సిన చోట ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇది తొమ్మిదో రీలు.

"అయ్యో, అలాగా!" అన్నాడు లిఫ్టు మెకానిక్కు. అన్నాడే గానీ, మొహంలో బాధ మచ్చుకైనా లేదు.

రెండు నెలల కిందట స్టూడియో ఉన్న బిల్డింగులో లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాడు, అప్పట్నుంచీ ప్రతి శనివారం ఒక రీలుతో ప్రత్యక్షమవుతున్నాడు. శనివారం వచ్చిందంటే చాలు, ఆమెకు పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవదు.

కానీ ఇవాళ నిజం చెప్పేయాలనుకుంది. చెబితే ఇక రాడు. చెప్పకపోతే, పాపం, ఆ నాలుగు జీతం రాళ్లూ రీళ్లకే తగలేస్తాడు.

"ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. రీలు కొనడానికో ఖర్చు, కడిగించడానికో ఖర్చు. ఏడాదికి మీకయ్యేదాంతో డిజిటల్ కెమెరానే వచ్చేస్తుంది. వెయ్యి ఫొటోలు తీసుకోండి, నచ్చకపోతే చెరిపేయండి, పైసా ఖర్చుండదు. మీ పాత కెమెరా అమ్మేసి అది కొనుక్కోండి."

గబగబా అనేసింది.

"డిజిటల్ కొంటే కడిగించడానికి ఇక్కడికి రానక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"అయితే నాకొద్దు!"

"ఇదేం మొండితనమండీ! పోనీ ఆ పాత కెమెరా పట్రండి, రీలు ఎక్కించడం నేర్పిస్తాను."

లోపలిగదిలోంచి ఆమె నాన్న నవ్వుతూ బయటికొచ్చాడు.

"పిచ్చితల్లీ! లిఫ్టు తాళ్లు ఎక్కించే చేతికి రీలు ఎక్కించడం రాదంటే ఎలా నమ్మావే? కెమెరాలోకి వెళ్లిన ఫిల్ముకు కొస మడత పడుతుంది. ఇతగాడి రీళ్లు కెమెరా మొహమే చూడలేదు."

ఆమె గిర్రున తిరిగింది. "మీ కెమెరా ఏదీ?"

"లేదండీ."

"పోయిందా?"

"అసలెప్పుడూ లేదు. ఊరికే వస్తే ఏమనుకుంటారోనని, కొత్త రీలు కొని కొస లోపలికి చుట్టేసి తెచ్చేవాణ్ని. మీరంటే నాకు ఇష్టమండీ. చూడకపోతే వారం గడవట్లేదు."

"తొమ్మిది వారాలు నాచేత ఖాళీ రీళ్లు కడిగించారా!" కోపంగానే మొదలుపెట్టింది, నవ్వు ఆగితేగా! "నేను మాత్రం ఏం తక్కువ? లిఫ్టు మళ్లీ చెడిపోతే బాగుండునని రోజూ అనుకున్నాను."

అంతలోనే నాన్నవైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది నాన్నా?"

"మూడో రీలుకే."

"మరి చెప్పలేదే?"

"నా వ్యాపారం నాది!" అని మెకానిక్కు భుజం తట్టాడాయన. "ఇదిగో అబ్బాయ్, రీలు దండగ, నీకు డిజిటలూ దండగే. అన్నిటికన్నా చవకైంది ఇంకోటుంది."

"ఏంటండీ అది?"

"వచ్చే శనివారం మీ అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని, ఉత్త చేతులతో రా."